మేఘాల పైన ఉదయప్రార్థన

పిల్లలూ, ఈసారి మనం చాలా దూరం పోదాం. అమెరికాలో న్యూయార్కు నగరపు కెనెడీ విమానాశ్రయంలో విమానం ఎక్కి, అట్లాంటిక్ మహాసముద్రం దాటి, యూరపు ఖండం మీదుగా ఇస్రాయెలు దేశంలోని టెల్ అవీవ్ నగరానికి చేరుకుందాం. దూరం సుమారు 9,100 కిలోమీటర్లు. పది, పదకొండు గంటల ప్రయాణం. మీకు టిక్కెట్టు అక్కర్లేదు, పాస్‌పోర్టూ అక్కర్లేదు. ఇంట్లో గ్లోబు గాని, ప్రపంచ పటం గాని ఉంటే తెచ్చి దగ్గర పెట్టుకోండి, చాలు.

ఈ దారిన పోయే విమానాలలో యూదులు చాలామంది కనిపిస్తారు. వీరిది చాలా ప్రాచీనమైన మతం. ఆచారం తప్పని యూదుడు రోజుకు మూడుసార్లు ప్రార్థన చేస్తాడు. పొద్దుటి ప్రార్థనను షఖరిత్ అనీ, మధ్యాహ్నపు ప్రార్థనను మిన్‌హా అనీ, రాత్రి ప్రార్థనను మారివ్ అనీ అంటారు. ఈ మూడింటికీ గడియారం సూర్యుడే. తెల్లవారిన తరవాత ఇంతసేపటి లోపల ఒకటి, పొద్దు వాలిన తరవాత ఒకటి, చీకటి పడ్డాక ఒకటి. ఊళ్లో ఉన్నవాడికి ఇందులో చిక్కేమీ లేదు. మన ఇళ్లల్లో పెద్దలు సంధ్య వార్చినట్టే వేళకు లేచి చేసుకుంటాడు. కాని భూమికి పది కిలోమీటర్ల ఎత్తున, గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతో పోతూ ఉన్నవాడికి తెల్లవారటం అంటే ఎప్పుడు? అతనికి తూర్పు ఏది? సీటుకు నడుము బెల్టు కట్టుకుని కూచున్నవాడు లేచి నిలబడటం ఎలా? ఈ ప్రశ్నలకు జవాబులు వెతకటంలో గొప్ప గొప్ప పండితులు తలలు బద్దలు కొట్టుకున్నారు.

అయితే విమానం ఎక్కటానికి ముందు ఒక గుమ్మం దాటాలి. అదే భద్రతా తనిఖీ. ముందు అక్కడికి పోదాం.

మన ముందు వరసలో ఒక యూదు యువకుడు నిలబడి ఉన్నాడనుకోండి. అతని చేతిసంచిలో మఖమలు గుడ్డతో కుట్టిన చిన్న సంచి ఒకటి ఉంటుంది. అందులో రెండు నల్లని తోలు పెట్టెలు ఉంటవి. ఒక్కొక్కటి మీ గుప్పిట్లో పట్టేటంత. ప్రతి పెట్టెకూ పొడుగాటి నల్ల తోలుపట్టీలు. వీటిని తెఫిల్లీన్ అంటారు. చూడగానే ఇవేవో తాయెత్తులని మీరనుకోవచ్చు. కాని దయ్యాలు పట్టకుండా కట్టుకునేవి కావు ఇవి. ఐగుప్తు దేశంలో తమ పూర్వులు బానిసలుగా ఉండి విడుదల అయిన సంగతి మరిచిపోకుండాను, దేవుడు ఒక్కడే అన్న మాట మనసులో నిలవటానికిను కట్టుకుంటారు. ఆ మాటలను చేతికి కట్టుకోమనీ, కళ్ల మధ్య ధరించమనీ వాళ్ల ధర్మగ్రంథమైన తోరాలో ఉన్నది. అందుచేత తోరాలోని నాలుగు భాగాలను చర్మపత్రం మీద చేత్తో రాసి, చుట్టచుట్టి, ఆ పెట్టెలలో పెట్టి కుట్టేస్తారు. చేతి పెట్టెకు ఒకటే గది. తల పెట్టెకు నాలుగు చిన్న గదులు. రాసేవాడు అందులో తరిఫీదు అయిన లేఖకుడై ఉండాలి. ఒక్క అక్షరం తప్పిపోయినా ఆ పత్రం పనికిరాదు. కుట్టటానికి వాడేది మామూలు దారం కాదు, పశువుల నరాల నుంచి తీసిన దారం. ఇంత పని ఉన్నది గనకనే మంచి జత వెల వందల డాలర్లు పలుకుతుంది. ఇది ఎంత పాత ఆచారమంటే, మృతసముద్రపు ఒడ్డున కుమ్రాన్ అనే చోట కొండగుహలలో సుమారు రెండు వేల ఏళ్లనాటి తెఫిల్లీన్ దొరికినవి!

ఇప్పుడు ఆ సంచి కదిలే పట్టా మీద పడి, ఎక్స్-రే పెట్టె లోపలికి పోయింది. లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఎక్స్-రే కిరణాలను జర్మనీ దేశస్థుడైన రాంట్‌జెన్ 1895లో కనిపెట్టాడు. చెయ్యి విరిగితే డాక్టరుగారు తీయించే ఫోటో వీటితో తీసేదే. ఇవి మెత్తని వస్తువుల గుండా సులువుగా దూసుకుపోతవి. లోహాల దగ్గర ఆగిపోతవి. విమానాశ్రయంలోని యంత్రం రెండు రకాల బలంగల కిరణాలను పంపి, ఏది ఎంత ఆగిపోయిందో లెక్క చూసి, తెర మీద బొమ్మకు రంగులు వేస్తుంది. లోహాలైతే నీలం. తోలు, కాగితం, గుడ్డ, తిండి పదార్థాల వంటివి అయితే నారింజ రంగు. ఈ రెంటికీ మధ్యగా ఉండేవి ఆకుపచ్చ. తెఫిల్లీన్ అంతా తోలూ, చర్మపత్రమూ గనక నారింజ రంగులో కనిపిస్తుంది. “అయితే బాధ లేదు గదా!” అంటారేమో. బాధ అక్కడే ఉన్నది. పేలుడు మందులు కూడా నారింజ రంగులోనే కనిపిస్తవి! రంగు చూసి మాత్రమే ఏదీ తేల్చటానికి వీలులేదు. రెండు గట్టి పెట్టెలు, వాటికి చుట్టిన పట్టీలు — తెర ముందు కూచున్న ఉద్యోగికి ఇదివరకు తెలియకపోతే తప్పక సందేహం వస్తుంది. రావాలి కూడా. అందుకే కదా అతనికి జీతం ఇచ్చేది.

సందేహం వస్తే సంచి పక్కకు తీస్తారు. అప్పుడు ఆ యువకుడి గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. ఆ పెట్టె కుట్టు విప్పితే మళ్లీ లేఖకుడి దగ్గరికి పోవలసిందే. దాన్ని నేల మీద పెట్టరు. పొరపాటున సంచిలోంచి జారి కింద పడితే, ఉపవాసం ఉండటమో, దానం చెయ్యటమో వాళ్లలో ఆచారం. అదృష్టవశాత్తూ కుట్టు విప్పనక్కరలేని ఉపాయం ఒకటి ఉన్నది. ఉద్యోగి ఒక చిన్న గుడ్డముక్కతో పెట్టె పైభాగాన్నీ, పట్టీలనూ తుడిచి, ఆ ముక్కను ఒక యంత్రంలో పెడతాడు. పేలుడు మందు ముట్టుకున్న చేతులతో దేన్ని తాకినా కంటికి కనపడని రేణువులు దానికి అంటుకునే ఉంటవి. యంత్రం ఆ గుడ్డను వేడి చేసి, రేణువులను ఆవిరిగా మార్చి, అందులో ఏమున్నదో కొద్ది సెకన్లలో పసిగడుతుంది. వాసన పట్టే కుక్క చేసే పనే ఇది. ఏమీ లేదని తేలితే “వెళ్లండి” అంటారు.

ఇదంతా మొదటినుంచీ లేదు. ఒకప్పుడు జనం బస్సు ఎక్కినట్టు విమానం ఎక్కేవారు. 1968 జూలైలో రోము నగరం నుంచి టెల్ అవీవ్‌కు పోతున్న ఇస్రాయెలు విమానాన్ని ఆయుధాలు పట్టినవాళ్లు బలవంతాన అల్జీరియాకు మళ్లించారు. ఆ రోజుల్లో ఇటువంటివి అనేకం జరిగాయి. 1973 జనవరి నుంచి అమెరికాలో ప్రయాణికులందరినీ వెతకటం మొదలుపెట్టారు. 2001 సెప్టెంబరు 11న జరిగిన ఘోరం మీ అమ్మానాన్నలకు బాగా తెలుసు. దాని తరవాత వెతకటం పదింతలైంది. 2006లో లండనులో ఒక కుట్ర బయటపడ్డాక చేతిసంచిలో ద్రవాలు 100 మిల్లీలీటర్లకు మించి ఉండగూడదన్నారు. ఒకసారి నా ముందు నిలబడిన ఒక తెలుగు ఆవిడ కొడుక్కని తెచ్చిన ఆవకాయ సీసాను ఈ లెక్క ప్రకారమే అక్కడ వదిలి రావలసి వచ్చింది. ఆవకాయ ద్రవమా, ఘనమా అని ఆవిడ చాలాసేపు వాదించింది. లాభం లేకపోయింది.

సరే, మనం విమానంలో కూచున్నాం. సెప్టెంబరు నెలలో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు అనుకోండి. సూర్యుడు అస్తమించే వేళకు విమానం లేచింది. ఊరు దాటగానే కొందరు చిన్న పుస్తకం తీసి దారి ప్రార్థన ఒకటి చదువుతారు. క్షేమంగా తీసుకుపొమ్మనీ, దారిలో శత్రువుల నుంచీ, దొంగల నుంచీ, క్రూరమృగాల నుంచీ కాపాడమనీ అందులో వేడుకుంటారు. ఆకాశంలో క్రూరమృగాలేమిటని నవ్వకండి. కాలినడకనా, గాడిదల మీదా ప్రయాణం చేసిన కాలంలో పుట్టిన ప్రార్థన అది. అందులో “నన్ను” అని ఉండదు, “మమ్మల్ని” అని ఉంటుంది. పక్క సీటులో గుర్రుపెట్టే పెద్దమనిషి కూడా అందులో చేరిపోతాడన్న మాట.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. భయపడకండి, చిన్న లెక్కే. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున పడమర నుంచి తూర్పుకు తిరుగుతున్నది. మనం భూమి మీద కదలకుండా కూచుంటే 180 డిగ్రీల రాత్రి గడవటానికి 12 గంటలు పడుతుంది. కాని మన విమానం కూడా తూర్పుకే పోతున్నది. ఆ ఎత్తు అక్షాంశాల దగ్గర గంటకు 900 కిలోమీటర్లు పోతే దాదాపు 11 డిగ్రీలు దాటినట్టు. పదిహేనూ పదకొండూ ఇరవై ఆరు. 180ని 26తో భాగించండి. ఏడుకు కొంచెం తక్కువ వచ్చిందా? పన్నెండు గంటల రాత్రి ఏడు గంటల లోపలే అయిపోయింది! గడియారం చూసుకుంటే న్యూయార్కులో ఇంకా అర్ధరాత్రి దాటి కొద్ది సేపే అయింది. ఇక్కడ, ఫ్రాన్సు దేశం మీద, కిటికీలోంచి ఎర్రని గీత కనబడుతున్నది. తెఫిల్లీన్ రాత్రిపూట కట్టుకోకూడదు గనక, ఆ గీత కోసం కనిపెట్టుకుని ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేస్తారు. ప్రార్థనకు ఊళ్లోని గడియారం కాదు, విమానం ఉన్న చోట కనిపించే సూర్యుడే ప్రమాణం.

విమానంలో ఈ సంగతి సులువుగానే తేలింది. కాని ఒకప్పుడు ఇదే ప్రశ్న కొందరిని చాలా బాధపెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో లిథువేనియాలోని కౌనస్ నగరంలో చియునే సుగిహారా అనే జపాను దౌత్యాధికారి రెండు వేలకు పైగా వీసాలు రాసి ఇచ్చి చాలామంది ప్రాణాలు కాపాడాడు. వాటితో బయటపడిన యూదులు 1941లో జపానులోని కోబే రేవులో ఉన్నారు. వాళ్లలో వేదపాఠశాల విద్యార్థుల వంటివారు కూడా ఉన్నారు. వారికి శనివారం విశ్రాంతి దినం, సబ్బాతు. ఆ రోజు పని చెయ్యకూడదు. అయితే తూర్పుకు తూర్పుకు పోతే ఎక్కడో ఒకచోట తేదీ మారాలి గదా! ఆ గీత ఎక్కడున్నదని లెక్కపెట్టాలి? జపానువాళ్ల శనివారమే శనివారమని కొందరు పండితులు, కాదు, జెరూసలేం నుంచి లెక్క కడితే జపాను ఆదివారమే అసలు శనివారమని మరొకరు అన్నారు. ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన ఆ మనుషులలో కొందరు ఎందుకైనా మంచిదని రెండు రోజులూ పాటించారు.

విమానంలోకి తిరిగి వద్దాం. కిటికీ పక్కనున్న యువకుడు ఎడమ చొక్కాచెయ్యి పైకి మడిచాడు. ఒక పెట్టెను భుజానికి కింద, గుండెకు ఎదురుగా వచ్చేటట్టు పెట్టి, పట్టీని మోచేతి నుంచి మణికట్టు దాకా ఏడు చుట్లు చుట్టాడు. ఎడమచేతివాటంగాళ్లు కుడిచేతికి కట్టుకుంటారు. రెండో పెట్టెను నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోట నిలిపాడు. నాలుగు కొసలకు కుచ్చులున్న శాలువా ఒకటి కప్పుకున్నాడు. ఏదో గొణుగుతూ ముందుకూ వెనక్కూ కొంచెం ఊగుతున్నాడు. అది హీబ్రూ భాష. సనాతన సంప్రదాయంలో పదమూడేళ్లు నిండిన మగవాళ్లు ఇలా చేస్తారు. కొన్ని కొత్త శాఖలలో ఆడవాళ్లు కూడా కట్టుకుంటారు.

ముఖం ఎటు తిప్పాలి? జెరూసలేం వైపు. అమెరికాలో ఉన్నవాళ్లు తూర్పుకు తిరుగుతారు. మన దేశంలో ఉన్నవాళ్లు పడమరకు. మన తెలుగునాట కూడా అలా తిరగవలసినవాళ్లు కొద్దిమంది ఉన్నారు తెలుసా? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే బెనే ఎఫ్రాయిం కుటుంబాలు ఉన్నవి. వాళ్లు ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే. వాళ్లకొక ప్రార్థన మందిరం కూడా ఉన్నది.

ఒక దారం తీసుకుని మీ గ్లోబు మీద ఒక కొసను హైదరాబాదు దగ్గర, రెండో కొసను జెరూసలేం దగ్గర పెట్టి బిగించి చూడండి. దారం సూటిగా పడమరకు పోదు, వాయవ్యం వైపు మొగ్గుతుంది. న్యూయార్కు నుంచి బిగిస్తే ఇంకా ఆశ్చర్యం: తూర్పుకు కాక ఈశాన్యానికి పోతుంది. మన విమానం వచ్చిన దారి అదే. ఈ రోజుల్లో సీటు ముందున్న తెర మీద విమానం బొమ్మ కదులుతూ కనిపిస్తుంది గనక దిక్కు తెలుసుకోవటం కష్టం కాదు. కాని ముందు సీటు వెనక వైపు తిరిగి ఉంటే మనిషి ఏం చేస్తాడు? దీనికి జవాబు ఎప్పుడో దొరికింది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మశాస్త్ర గ్రంథం గాడిద మీద పోయేవాడి సంగతి చెపుతుంది. దిగగలిగితే దిగాలి, దిగలేకపోతే ముఖం తిప్పాలి, అదీ వీలుకాకపోతే మనసును జెరూసలేం వైపు తిప్పితే చాలు. ఓడలో పోయేవాడికీ, తెప్ప మీద పోయేవాడికీ ఇదే నియమం. విమానం ఎరగని ఆ పెద్దలు విమానానికి సరిపోయే మాట ఎంత ముందే చెప్పారో చూడండి.

చిక్కంతా గుంపుతోనే వస్తుంది. యూదుల ప్రార్థనలో కొన్ని భాగాలు ఒంటరిగా చెయ్యటానికి వీలులేదు, పదిమంది ఉండాలి. ఈ పదిమంది గుంపును మిన్యాన్ అంటారు. తండ్రి గాని తల్లి గాని పోయినప్పుడు కొడుకు పదకొండు నెలలపాటు ప్రతిరోజూ కద్దీష్ అనే ప్రార్థన చెయ్యాలి. అదీ పదిమంది ఉంటేనే. ఈ మధ్యనే తండ్రి పోయినవాడు ఒకడు విమానంలో ఉన్నాడనుకోండి. అతను సీటు సీటు దగ్గరికీ వెళ్లి, “ఏమండీ, తొమ్మిదిమందిమి అయ్యాం, మీరూ వస్తారా?” అని మెల్లిగా అడుగుతాడు. ఎవరు కాదనగలరు? అందరూ విమానం తోక వైపు, వంటగది దగ్గర గుమికూడతారు. అప్పుడే ఉపాహారాల బండి తోసుకుంటూ విమానం పిల్ల వస్తుంది. దారి లేదు. వెనక వరసలో తల్లి ఎంతో కష్టపడి నిద్రపుచ్చిన పసిపాప లేచి ఏడుస్తుంది. బెల్టు పెట్టుకోమని దీపం వెలుగుతుంది. ఆ సమయంలో విమానం కుదిపితే పదిమందీ ఒకరి మీద ఒకరు పడతారు.

ఈ సంగతి మీద రబ్బీలు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులు, చాలా ఆలోచించారు. జెరూసలేంలో ఉండిన ష్లోమో జల్మాన్ అవర్‌బాఖ్ (1910–1995) అనే గొప్ప పండితుడు, తోటి ప్రయాణికులకు ఇబ్బంది అయితే గుంపుగా చేరటం కంటే ఎవరి సీటులో వారు కూచుని ప్రార్థించుకోవటమే మేలన్నాడు. వాళ్ల శాస్త్రంలో “నిద్ర దొంగతనం” అని ఒక మాట ఉన్నది. ఇంకొకరి నిద్ర చెడగొట్టినవాడు, వస్తువైతే తిరిగి ఇవ్వవచ్చు గాని, దాన్ని తిరిగి ఇవ్వలేడు. పొద్దున్నే నాలుగు గంటలకు మైకు పెట్టే మన ఊళ్లలో కూడా ఈ మాట నలుగురికీ తెలిస్తే బాగుండును. అయినా ఇప్పటికీ గుంపుగా నిలబడేవాళ్లు ఉన్నారు, విసుక్కునేవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు నాకు తండ్రిపోయిన ఆ మనిషిని తలుచుకుంటే విసుగు రాదు. పది నిమిషాలు పాప ఏడిస్తే ఏడ్చింది. కాని విమానం పిల్ల కూచోమన్నప్పుడు మాత్రం మారు మాట్లాడకుండా కూచోవాలి.

ఇక 2010లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడు జనవరి 21వ తేదీన న్యూయార్కులోని లాగార్డియా విమానాశ్రయం నుంచి కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌కు పొద్దున్నే ఒక చిన్న విమానం బయలుదేరింది. అందులో పదిహేడేళ్ల యూదు కుర్రవాడూ, పదహారేళ్ల అతని చెల్లెలూ ఉన్నారు. జనవరిలో న్యూయార్కులో ఏడు దాటితే గాని సూర్యుడు ఉదయించడు. చీకటితోనే ఇల్లు కదిలినవాడు ఇంటి దగ్గర తెఫిల్లీన్ కట్టుకోలేడు గదా! అందుచేత విమానం లేచాక కట్టుకున్నాడు. తనకు రోజూ పళ్లు తోముకున్నంత మామూలు పని అది. కాని విమానం సిబ్బంది అటువంటిది ఎన్నడూ చూడలేదు. నల్లని పెట్టె, చేతికి చుట్టిన పట్టీలు, అర్థంకాని మాటలు! పట్టీలు వాళ్ల కంటికి తీగల్లాగా కనిపించి ఉండవచ్చు. కబురు విమానం నడిపేవాడికి చేరింది. అతను విమానాన్ని లూయీవిల్‌కు పోనివ్వకుండా ఫిలడెల్ఫియాలో దించేశాడు. దిగేసరికి పోలీసులు, బాంబులు వెతికేవాళ్లు, కేంద్ర నేర పరిశోధకులు సిద్ధంగా ఉన్నారు. విమానమంతా వెతికారు. కుర్రవాణ్ణి ప్రశ్నించారు. అవి ప్రార్థన సామగ్రి అని తెలిసి, వదిలిపెట్టారు.

చదువుతుంటే నవ్వు వస్తుంది. ఆ పిల్లలకు నవ్వు వచ్చి ఉండదు. తుపాకులు పట్టుకున్న మనుషుల మధ్య, తెలియని ఊళ్లో, పదహారేళ్ల పిల్ల ఎంత బెదిరిపోయి ఉంటుందో మీరే ఆలోచించండి.

మరి తప్పు ఎవరిది? తొందరపడి సిబ్బంది మీద మండిపడకండి. ఇంకొక తేదీ కూడా చూడాలి. దీనికి సరిగా 27 రోజుల ముందు, అనగా 2009 డిసెంబరు 25న, ఆంస్టర్‌డాం నుంచి అమెరికాలోని డిట్రాయిట్‌కు పోతున్న విమానంలో ఒకడు లోదుస్తులలో పేలుడు మందు దాచుకుని వచ్చి అంటించబోయాడు. అది సరిగా పేలలేదు గనక అందరూ బతికిపోయారు. ఆ వార్త ఇంకా చెవుల్లో గింగుర్లాడుతున్న రోజులు. విమానం నడిపేవాడి చేతిలో మనుషుల ప్రాణాలున్నవి. అతనికి అనుమానం వస్తే దించేసి చూసుకోవటమే అతని విధి. అందులో నేను తప్పు పట్టను. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే ఉన్నది. న్యూయార్కు నగరంలో యూదులు లక్షలమంది ఉన్నారు. ఆ నగరం నుంచి రోజూ విమానాలు నడిపే వాళ్లకు, ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు, ఈ రెండు పెట్టెల బొమ్మ ఒకటి చూపించి “ఇది ఇటువంటిది” అని ఎవరూ చెప్పకపోవటమేమిటి? ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి గనక నాకు అనిపిస్తుంది, అది అయిదు నిమిషాల పాఠం. కట్టుకునే ముందు కుర్రవాడే సిబ్బందితో ఒక మాట చెప్పి ఉండవచ్చునని అన్నవాళ్లూ ఉన్నారు. చెపితే మంచిదే. ఇప్పుడు అలా చెప్పేవాళ్లు ఉన్నారు కూడా. కాని రోజూ చేసే పనికి ముందుగా సంజాయిషీ ఇవ్వాలని పదిహేడేళ్లవాడికి తోచకపోవటం సహజమే.

అయిదు నిమిషాల పాఠం అప్పటికీ అందరికీ చేరలేదు. మరుసటి సంవత్సరం, 2011 మార్చి 13న, మెక్సికో నగరం నుంచి లాస్ ఏంజిలస్‌కు పోతున్న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానంలో ముగ్గురు యూదులు తెఫిల్లీన్ కట్టుకుని గట్టిగా హీబ్రూలో ప్రార్థించారు. సిబ్బంది హడలిపోయి, విమానం నడిపే గది తలుపులు బిగించుకున్నారు. దిగేసరికి నేర పరిశోధకులూ, అగ్నిమాపక బండ్లూ ఎదురుచూస్తున్నవి. ఈసారి కూడా ఏమీ లేదని తేలింది. ఆ సంస్థవారు క్షమాపణ చెప్పుకుని, తమ సిబ్బందికి ఇటువంటి ఆచారాలను గురించి తెలియజేస్తామన్నారు.

ముందే తెలియజేస్తే పని ఎంత సులువో ఇంకొక పండుగ వల్ల తెలుస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో యూదులకు సుక్కోత్ అనే పండుగ వస్తుంది. ఆ పండుగకు నాలుగు రకాల చెట్ల కొమ్మలూ, కాయా కావాలి: విచ్చుకోని ఖర్జూరపు మట్ట, మిర్టిల్ రెమ్మలు, విల్లో రెమ్మలు, ఎత్రోగ్ అనే పండు. ఎత్రోగ్ మనకు కొత్తది కాదు, మన మాదీఫలం జాతిదే. వాళ్లు దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటారంటే, జనపనారలోనో దూదిలోనో చుట్టి పెట్టెలో పెడతారు. పండు కొసన చిన్న మొటిక ఉంటుంది. ఉండవలసిన ఆ మొటిక విరిగిపోతే పండు పూజకు పనికిరాదు! పొడుగాటి మట్టా, పెట్టెలో పండూ పట్టుకుని జనం వేల సంఖ్యలో విమానాశ్రయాలకు వస్తారు. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఈ పండుగ ముందు ప్రకటన చేస్తూ ఉంటుంది: ఫలానా రోజులలో ఈ నాలుగూ పట్టుకుని ప్రయాణికులు వస్తారు, వీటిని విమానంలోకి తీసుకుపోవటానికి అడ్డులేదు, అందరిలాగే వీరినీ తనిఖీ చేస్తాం అని. విదేశాల నుంచి తెస్తే మాత్రం పురుగు, తెగులు ఉన్నదేమోనని వ్యవసాయశాఖ తరపున వేరే పరీక్ష ఉంటుంది. అదీ న్యాయమే, ఒక పండులో వచ్చిన పురుగు తోటలకు తోటలనే తినేస్తుంది.

మన దేశంలోనూ ఇటువంటిది జరిగింది. మీ ఇంట్లో గాని, వీధిలో గాని ఎవరైనా అయ్యప్ప మాల వేసుకుని ఉంటారు. శబరిమలకు పోయేవారి తల మీది ఇరుముడిలో నేతితో నింపిన కొబ్బరికాయ ఉంటుంది. విమానంలో కొబ్బరికాయను చేతిసంచిలో తీసుకుపోవటానికి వీలులేదు, సామాన్ల గదిలో వెయ్యాలి. కాని ఇరుముడిని దూరంగా ఎక్కడో పడెయ్యటానికి భక్తుడి మనసు ఒప్పుకోదు. 2024 అక్టోబరులో విమానయాన శాఖవారు 2025 జనవరి 20 దాకా, ఆ ఒక్క యాత్రా కాలానికి, ఇరుముడిని కొబ్బరికాయతో సహా వెంట తీసుకుపోవచ్చునన్నారు. ఎక్స్-రే, గుడ్డముక్క పరీక్ష, చేత్తో తడిమి చూడటం — ఈ మూడూ అయిన తరవాతే. తెఫిల్లీన్‌కు జరిగేది కూడా ఇదే కదా!

మనం మాట్లాడుకుంటుండగానే విమానం గ్రీసు దేశం దాటి మధ్యధరా సముద్రం మీదికి వచ్చింది. యువకుడు ప్రార్థన ముగించి పట్టీలు విప్పుతున్నాడు. తలది ముందు, చేతిది తరవాత. పట్టీలు బిగిసి ఉన్నచోట చేతి మీద ఏడు ఎర్రని గీతలు పడినవి, కాసేపటికి పోతవి. పక్క సీటాయన అప్పుడే నిద్రలేచి, కాఫీ వస్తుందా అని అడుగుతున్నాడు. గుంపులో చేరటం కుదరనివాళ్లు ఏమీ దిగులు పడటం లేదు. దిగబోయే బెన్ గురియన్ విమానాశ్రయంలోనే ప్రార్థన మందిరం ఉన్నది. పొద్దు ఇంకా ఎక్కువ ఎక్కకపోతే, అక్కడ పదిమంది దొరకటం ఎంతసేపు!